కదలని ఓడలో ఒక రాత్రి

‘కదలని ఓడల పండనీకి పైసలెందుకు సార్?’

ట్యాక్సీ డ్రైవర్ అడిగిన ప్రశ్న ఇది. దుబాయ్‌లో డేరా నుంచి పోర్ట్ రషీద్‌కి వెళ్తున్నాం. నేను ఫోన్లో మాట్లాడుతుంటే విని ‘మీరు మన తెలుగోళ్లేనా సార్’ అంటూ పలకరించాడాయన. జగిత్యాల పక్కన పల్లె. నలభై దాటిన వయసు. ఎక్కడ దిగాలో చెప్పగానే అద్దంలోంచి ఒకసారి నా వంక చూశాడు.

‘క్వీన్ ఎలిజబెత్ ఓడనా? మ్యూజియం చూడనీకా?’

‘కాదు, ఈ రాత్రికి అక్కడే ఉంటున్నాను. ఇప్పుడది హోటల్ కదా’ అన్నాను.

అప్పుడు వేశాడా ప్రశ్న. సమాధానం చెప్పబోయి ఆగిపోయాను. నిజమే మరి! ఓడ అంటే కదలాలి. ఒక ఒడ్డున ఎక్కితే ఇంకో ఒడ్డున దింపాలి. ఎక్కిన చోటే దిగడానికి ఓడెందుకు? దుబాయ్‌లో హోటళ్లకేం కరవు? వేరే పని మీద వచ్చినవాణ్ని, ‘ఎలాగూ వెళ్తున్నావు కదా, ఒక రాత్రి అందులో ఉండి రాసుకురా’ అని ఆఫీసులో అంటే సరేనన్నాను తప్ప, ఎందుకని నేనూ ఆలోచించలేదు.

‘గీ దుబాయ్‌ల మొత్తం పదిహేనేండ్లు ఉన్న. గా ఓడను బయటికెళ్లి చూసుడే. లోపటికి పోలే. రేపు పొద్దుగాల నేనే అస్త, ఎట్లున్నదో చెప్పున్రి’ అంటూ తన నంబరు ఇచ్చాడు.

క్రీక్ దాటి రేవు గేటులోకి మలుపు తిరిగామో లేదో, ఎదురుగా కనబడింది. నల్లటి ఒళ్లు, దాని మీద తెల్లటి అంతస్తులు, అన్నిటికీ పైన ఎర్రటి పొగగొట్టం. చుట్టూ ఉన్న గోదాములు బొమ్మరిళ్లలా ఉన్నాయి.

ఊరంత ఓడ

ఈ ఓడ పూర్తి పేరు ‘క్వీన్ ఎలిజబెత్ 2’. ముద్దుగా ‘క్యూఈ2’ అంటారు. పొడవు 963 అడుగులు. అంటే మూడు ఫుట్‌బాల్ మైదానాలు ఒకదాని వెనక ఒకటి పరిస్తే ఎంతో దాదాపు అంత. వెడల్పు 105 అడుగులు. మొత్తం 13 డెక్‌లు. సుమారు నలభై ఏళ్లపాటు సముద్రాల మీద తిరిగి 60 లక్షల మైళ్ల దాకా ప్రయాణించింది. చంద్రుడి దగ్గరికి పన్నెండుసార్లు వెళ్లొచ్చినంత దూరం! మోసుకెళ్లిన ప్రయాణికులు సుమారు 25 లక్షల మంది.

ఇంత తిరిగిన ఓడకు ఇప్పుడు చిరునామా ఒకటే. రేవులో ఒక గట్టు. దాన్ని నేల మీదికి ఎక్కించలేదు, చుట్టూ సిమెంటు పోయలేదు. ఇప్పటికీ నీళ్లలోనే తేలుతోంది. బలమైన తాళ్లతో గట్టుకి కట్టేసి ఉంచారు, అంతే. పైనుంచి తొంగి చూస్తే ఒక్కో తాడూ మనిషి తొడంత లావున కనిపించింది.

గట్టు మీది భవనంలోంచి లోపలికి నడవాలి. అక్కడే ఓడ చరిత్రంతా చెప్పే ప్రదర్శనశాల. దాన్ని దాటి ఒక వంతెన లాంటి దారి మీద నాలుగడుగులు వేస్తే ఓడలో ఉంటాం. అడుగు పెట్టగానే గుండ్రటి లాబీ. మధ్యలో పల్లంగా కూర్చునే చోటు, చుట్టూ సోఫాలు. అట్లాంటిక్ దాటే ప్రయాణికులకు స్వాగతం చెప్పింది ఈ గదే.

నా గదికి వెళ్లే నడవా చూసి కాసేపు నిలబడిపోయాను. కనుచూపుమేర సాగుతూనే ఉంది. పైగా నేల సమంగా లేదు. ముందుకు వెళ్లేకొద్దీ కాస్త ఎత్తెక్కుతున్నట్టు కాలికి తెలుస్తోంది. అలలు వచ్చి కొట్టినప్పుడు తట్టుకోవడానికి ఓడ ముందు భాగం పైకి లేచి ఉంటుంది కదా, ఆ వంపే ఇక్కడా ఉంది. ఏ హోటల్లోనూ ఇలాంటి నడవా కట్టరు. సామాను లాక్కుంటూ నడిచే మనిషికి ఆ మాట గుర్తుచేసేది ఆ వంపొక్కటే... ఇది కట్టడం కాదు, ఓడ అని.

గదిలో మంచం, టీవీ, స్నానాల గది... అన్నీ మామూలే. కానీ కిటికీ మాత్రం గుండ్రంగా ఉంది. మందపాటి అద్దం, దాని చుట్టూ లోహపు కట్టు. దాంట్లోంచి చూస్తే రేవు నీళ్లు, వాటి మీద ఒక పడవ. దూరంగా ఎత్తయిన భవనాల వరస.

పేరు పక్కన ఆ ‘2’ ఎందుకు?

సాయంత్రం ఓడ చూపించే బృందంతో కలిశాను. పది మందిమి. గైడ్ మొదట చెప్పిన కథ పేరు గురించే.

ఓడ పుట్టిల్లు స్కాట్లండ్‌లో క్లైడ్ నది ఒడ్డున ఉన్న క్లైడ్‌బ్యాంక్. జాన్ బ్రౌన్ నౌకాశాలలో 1965లో పని మొదలైంది. దీనికి ముందు ఇదే నౌకాశాలలో క్యూనార్డ్ కంపెనీ కోసం రెండు మహా ఓడలు తయారయ్యాయి. 1934లో ‘క్వీన్ మేరీ’ని నీళ్లలోకి వదిలింది రాణి మేరీ. 1938లో ‘క్వీన్ ఎలిజబెత్’ని వదిలింది ఆమె కోడలు. 1967 సెప్టెంబరు 20న ఈ మూడో ఓడను వదలడానికి వచ్చింది మనవరాలు, రెండో ఎలిజబెత్ రాణి. నాయనమ్మ, అమ్మ వాడిన బంగారు కత్తెరతోనే ఈవిడా రిబ్బను కత్తిరించింది. మన ఇళ్లలో పెళ్లినాటి వెండి పళ్లెం తరాలు మారినట్టు అన్నమాట!

ఓడకు అమ్మ పేరే పెట్టాలన్నది అనుకున్న మాట. తీరా పేరు ప్రకటించే సమయానికి రాణి ‘క్వీన్ ఎలిజబెత్ ద సెకండ్’ అనేసింది. దాంతో ఇది అమ్మ పేరా, కూతురి పేరా అన్న చర్చ మొదలైంది. కంపెనీ తెలివిగా పేరు పక్కన రోమన్ అంకె కాకుండా మామూలు ‘2’ పెట్టింది. అంటే ఇది రాణి పేరు కాదు, ఆ పేరున్న రెండో ఓడ అని. పేరు పెట్టాక కూడా ఓడ వెంటనే జారలేదట. ఒక నిమిషంపాటు అలాగే నిలబడి, అందరూ ఊపిరి బిగబట్టాక, అప్పుడు నెమ్మదిగా నదిలోకి దిగింది.

‘ఇప్పుడు అసలే కదలదు’ అన్నారెవరో వెనక నుంచి. అందరం నవ్వాం.

విమానం వచ్చాక పుట్టిన ఓడ

నిజానికి ఈ ఓడ పుట్టే నాటికే ఓడల కాలం అయిపోవస్తోంది. 1958లో అట్లాంటిక్ మీద జెట్ విమానాలు మొదలయ్యాయి. ఓడలో అయిదు రోజులు పట్టే దూరం కొన్ని గంటలకు తగ్గింది. అలాంటి రోజుల్లో కోట్లు పోసి కొత్త ఓడ కట్టడం సాహసమే.

అందుకే దీన్ని రెండు పనులకూ పనికొచ్చేలా తీర్చిదిద్దారు. ఎండాకాలం అట్లాంటిక్ దాటించడం, చలికాలం ప్రపంచం చుట్టి రావడం. పనామా కాలువలో పట్టేలా వెడల్పు సరిచూసుకున్నారు. బరువు తగ్గించడానికి పై అంతస్తులు అల్యూమినియంతో కట్టారు. పాత ఓడల్లాగా చెక్క నగిషీలు, బరువైన తెరలు కాకుండా అరవైల నాటి కొత్త పోకడల కుర్చీలు, దీపాలు పెట్టారు. 

మొదట్లోనే ఎదురుదెబ్బ. 1968 చివర్లో పరీక్షించి చూస్తే ఆవిరి టర్బైన్లు దెబ్బతిన్నాయి. బాగుచేసేదాకా ఓడను తీసుకోబోమని కంపెనీ చెప్పేసింది. చివరికి 1969 మే 2న సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కి తొలి ప్రయాణం. అప్పటి కెప్టెన్ విలియం వార్విక్. తర్వాత ఇరవై ఏళ్లకు ఆయన కొడుకు రొనాల్డ్ వార్విక్ కూడా ఇదే ఓడకు కెప్టెన్ అయ్యాడు.

ఆ కొడుకు హయాంలోనే, 1995 సెప్టెంబరులో, లూయిస్ తుపానులో ఈ ఓడకు సుమారు 95 అడుగుల ఎత్తు అల ఎదురైంది. అంటే తొమ్మిదంతస్తుల మేడంత! ఓడను నడిపే బ్రిడ్జి గది ఎత్తుకు లేచిందది. చీకట్లో ఎదురుగా తెల్లటి కొండ చరియలా కనిపించిందట. ఓడ దాన్ని చీల్చుకుని అవతలికి వచ్చేసింది.

1972 మేలో ఇంకో గండం. ఓడలో బాంబులున్నాయని, డబ్బివ్వకుంటే పేల్చేస్తామని ఫోన్ వచ్చింది. ఓడేమో అట్లాంటిక్ మధ్యలో ఉంది. బాంబులు తీసేసే నలుగురు నిపుణులు విమానంలోంచి పారాచూట్లతో సముద్రంలోకి దూకి ఓడ ఎక్కారు. వెతికి వెతికి చూస్తే ఏమీ లేదు. ఉత్త బెదిరింపు!

తివాచీల మీద సైనికుల బూట్లు

క్వీన్స్ రూమ్ అనే పెద్ద హాల్లో నిలబడి ఉన్నాం. తెల్లటి స్తంభాలు పైకి పోయేకొద్దీ బాకాల్లా విచ్చుకుని ఉన్నాయి. కొత్త సంవత్సరాలకు నాట్యాలు జరిగిన చోటు. ‘1982లో ఇక్కడ పరిస్థితి వేరు’ అన్నాడు గైడ్.

ఆ ఏడాది ఫాక్‌ల్యాండ్ దీవుల కోసం బ్రిటన్, అర్జెంటీనా యుద్ధానికి దిగాయి. సైనికుల్ని తరలించడానికి బ్రిటన్ ప్రభుత్వం ఈ ఓడను తీసుకుంది. పది రోజులు కూడా తిరక్కుండానే విలాసాల ఓడ రూపం మారిపోయింది. ఈత కొలనుల మీద హెలికాప్టర్లు దిగే వేదికలు కట్టారు. తివాచీలు పాడవకుండా పైన అట్టపలకలు పరిచారు. మే 12న సౌతాంప్టన్ నుంచి మూడువేల మందికి పైగా సైనికులతో బయల్దేరింది. స్కాట్స్ గార్డ్స్, వెల్ష్ గార్డ్స్‌తో పాటు కొండల్లో పుట్టి పెరిగిన గూర్ఖాలూ ఉన్నారు వాళ్లలో. శత్రువుల కంటపడకుండా రాత్రిళ్లు దీపాలన్నీ ఆర్పేసి చీకట్లో ప్రయాణం.

దక్షిణ జార్జియా దీవి దగ్గర సైనికుల్ని ‘క్యాన్‌బెర్రా’ అనే మరో ప్రయాణికుల ఓడలోకి, ఇతర నౌకల్లోకి మార్చారు. తిరుగు ప్రయాణంలో మునిగిపోయిన మూడు యుద్ధనౌకల నుంచి బతికి బయటపడినవాళ్లను ఎక్కించుకుని జూన్ 11న సౌతాంప్టన్ చేరింది. 

యుద్ధం అయ్యాక ఓడ మళ్లీ రంగులేసుకుని పాత పనిలో పడింది. 1986-87లో ఆవిరి యంత్రాలు తీసేసి తొమ్మిది డీజిల్ ఇంజిన్లు బిగించారు. వాటితోనే ఇంకో ఇరవై ఏళ్లు తిరిగింది.

క్యాన్‌బెర్రా గతి ఏమైందని అడిగాను. 1997లో పాకిస్తాన్‌లోని గడానీ తీరంలో ముక్కలు చేసేశారు. ఇంకో పెద్ద ఓడ, ఫ్రెంచివాళ్ల గర్వకారణం ‘ఫ్రాన్స్’, 2006లో మన గుజరాత్‌లోని అలంగ్ తీరానికి వచ్చింది. అక్కడే పాత ఇనుము అయిపోయింది. తల్లి పేరు మోసిన మొదటి ‘క్వీన్ ఎలిజబెత్’ 1972లో హాంకాంగ్ రేవులో కాలిపోయింది. కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో ‘క్వీన్ మేరీ’ మాత్రం హోటలై బతికి ఉంది. ఓడలన్నీ చివరికి ఏదో ఒక తీరానికే చేరతాయి. మిగలడం, మిగలకపోవడం అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది. మరి ఈ ఓడ అదృష్టం ఎలాంటిది?

ఆ పదేళ్లు

ఇక్కడే కథ దుబాయ్‌కి వస్తుంది. ఆ మాటకొస్తే మన పల్లెలకూ వస్తుంది.

2007లో దుబాయ్ ప్రభుత్వ పెట్టుబడి సంస్థ ఇస్తిత్‌మార్ ఈ ఓడను 10 కోట్ల డాలర్లకు కొంది. సముద్రంలో ఖర్జూర చెట్టు ఆకారంలో కట్టిన పామ్ జుమేరా దీవి పక్కన నిలపాలని, లోపలి భాగాలు చాలావరకు తీసేసి విలాసవంతమైన హోటల్‌గా మార్చాలని అనుకున్నారు. అప్పట్లో దుబాయ్‌లో ఎటు చూసినా క్రేన్లే. 2008 నవంబరు 11న ఓడ సౌతాంప్టన్‌కి శాశ్వతంగా వీడ్కోలు చెప్పింది. ఆ ఉదయమే, రేవులోకి వస్తూ ఇసుక మేటలో కాసేపు ఇరుక్కుంది. వెళ్లనని మొరాయించిందని చెప్పుకున్నారు జనం. 

నవంబరు 26న దుబాయ్ చేరింది. ఆ తేదీ మనకు మరోలా గుర్తు. ఆ రాత్రే ముంబయి మీద దాడి జరిగింది. ఇక్కడ మాత్రం ఆ మధ్యాహ్నం పడవల ఊరేగింపుతో స్వాగతం పలికారు.

కానీ అప్పటికే అమెరికాలో బ్యాంకులు కూలుతున్నాయి. ఆ గాలి దుబాయ్‌నీ తాకింది. కట్టడాలు ఆగాయి. 2009 నవంబరులో ఇస్తిత్‌మార్ మాతృసంస్థ దుబాయ్ వరల్డ్ అప్పుల చెల్లింపుకి గడువు అడిగింది. ఓడ పథకం అటకెక్కింది. తర్వాత రకరకాల కబుర్లు. 2012లో హోటల్ చేస్తామన్నారు. 2013లో ఆసియాకి పంపిస్తామన్నారు. ముక్కలు చేయడానికి అమ్మేస్తారన్న పుకార్లూ వచ్చాయి. ఏదీ జరగలేదు. నడవాల్లో మనుషులు లేకుండా పదేళ్లు రేవులోనే గడిపింది.

ఇందులో ఒక తమాషా ఉంది. మాంద్యం రాకపోయి ఉంటే అనుకున్న ప్రకారం లోపలంతా కూల్చేసేవాళ్లు. పేరొక్కటే మిగిలేది. డబ్బు లేక చేయి వేయలేదు కాబట్టి గదులు, హాళ్లు, మెట్లు, తలుపుల పిడులు చాలావరకు అలాగే మిగిలాయి. 2018 ఏప్రిల్ 18న హోటల్‌గా తలుపులు తెరిచినప్పుడు జనం చూసింది ఆ పాత ఓడనే. ‘ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి’ అంటారు మనవాళ్లు. దీని విషయంలో ఓడ ఓడగా మిగలడానికి చేతిలో డబ్బు లేకపోవడమే కారణమైంది!

గైడ్ ఈ మాటలు చెబుతుంటే నాకు పగలు ట్యాక్సీలో విన్నవి గుర్తొచ్చాయి. డ్రైవరు మాటల మధ్యలో తన కథ కూడా చెప్పాడు. ‘2006ల అచ్చిన సార్. రాడ్ బెండింగ్ పని. లక్షా ఇరవై వేలు మిత్తికి తెచ్చి ఏజెంటుకు కట్టిన. గా ఓడ అచ్చిన నాడు మేం పనిల ఉంటిమి. పరంజ మీదికెళ్లి అందరం చూసినం. మల్ల ఏడాది తిరగకముందే కంపెనీ బందయ్యింది. టికెట్ చేతుల పెట్టి పంపిన్రు. ఇంటికి పోతే అప్పు అట్లనే ఉన్నది.’ 

కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ పల్లెలకు 2009లో అలా చేతుల్లో పెట్టె ఒక్కటే పట్టుకుని తిరిగొచ్చినవాళ్లు ఎందరో. ఓడ ఆగడానికీ, వాళ్ల పని ఆగడానికీ కారణం ఒక్కటే. ఓడకు మాత్రం ఆ ఆగడం కలిసొచ్చింది. వడ్డీ కట్టాల్సిన అవసరం లేదు కదా దానికి.

అర్ధరాత్రి గుండ్రటి కిటికీ దగ్గర

రాత్రి భోజనం అయ్యాక వెనక డెక్ మీదికి వెళ్లాను. ఫిబ్రవరి నెల. గాలి చల్లగా ఉంది. ఒకప్పుడు పక్కల వేలాడిన లైఫ్ బోట్లు ఇప్పుడు లేవు. కదలని ఓడకు వాటితో పనేముంది? కాళ్ల కింద చెక్క. తల మీద పొగ రాని పొగగొట్టం. అటు చూస్తే బుర్జ్ ఖలీఫా దీపాలు. దాన్ని ప్రారంభించింది 2010లో. ఓడ వచ్చిన రోజు అది ఇంకా కడుతూనే ఉన్నారు.

గదికి వచ్చి దీపం ఆర్పేశాను. నిద్ర రాలేదు. కదులుతోందా లేదా అని మనసు పరీక్షిస్తూనే ఉంది. మంచం మీద కదలకుండా పడుకుని బల్ల మీది గ్లాసులో నీళ్ల వంక చూశాను. ఏమీ లేదు. చాలాసేపటికి ఎక్కడో తాడు బిగిసిన చప్పుడు లాంటిది వినిపించింది. నా భ్రమే కావచ్చు.

కిటికీ దగ్గర కూర్చుంటే ఇంకో ఓడ గుర్తొచ్చింది. డ్రైవరు చెప్పిందే. ‘మా పెద్దబాపు 1978ల బొంబాయికెళ్లి ఓడల అచ్చిండంట సార్. డెక్ మీదనే పండుకునుడు. మా అందరికంటే ముందుగాల దుబాయ్ చూసింది ఆయనే.’ 

అవును, అలాంటి ఓడలు ఉండేవి. బ్రిటిష్ ఇండియా కంపెనీవి. బొంబాయి, కరాచీల నుంచి గల్ఫ్ రేవులన్నీ తిరిగేవి. పైన కొన్ని గదులు తెల్లవాళ్లకు, డబ్బున్నవాళ్లకు. మిగతావాళ్లంతా డెక్ ప్రయాణికులు. చాప, దుప్పటి, వంట సామాను వెంట తెచ్చుకుని, దొరికిన చోట పరచుకునేవాళ్లు. వాటిలో ‘దారా’ అనే ఓడ 1961 ఏప్రిల్‌లో దుబాయ్‌లో సరుకు దింపుతుండగా తుపాను గాలి లేచింది. ఒడ్డున ఉంటే ప్రమాదమని కెప్టెన్ ఓడను సముద్రంలోకి తీసుకెళ్లాడు. తెల్లవారుజామున పేలుడు, మంటలు. 238 మంది చనిపోయారు. ఆ ఓడ ఇదే తీరానికి ఎదురుగా సముద్రం అడుగున ఉంది.

ఆ వరసలో చివరిది ‘ద్వారక’. 1982 దాకా తిరిగింది. అటెన్‌బరో తీసిన ‘గాంధీ’ సినిమాలోనూ కనబడుతుంది. ఈ క్వీన్ ఎలిజబెత్ 2 యుద్ధానికి బయల్దేరిన ఏడాదే ద్వారక ప్రయాణాలు ఆగిపోయాయి. గల్ఫ్‌కి వచ్చే మనవాళ్లందరికీ ఆ తర్వాత విమానమే దిక్కయింది.

రాణుల పేర్లున్న ఓడలు హోటళ్లయ్యాయి. వాటిలో పడుకోవడానికి మనలాంటివాళ్లం టికెట్ కొంటాం. డెక్ మీద చాప పరచుకుని వచ్చినవాళ్ల ఓడ ఒక్కటీ మిగల్లేదు. మిగిలి ఉంటే? పెద్దబాపు పడుకున్న చోటు చూపించి ‘ఇక్కడే’ అని చెప్పుకోవడానికి ఆ ఇంట్లో పిల్లలకు ఒక చోటు ఉండేది. కదలని ఓడ ఎందుకంటే అందుకేనేమో. పోయిన ప్రయాణం గురించి పుస్తకంలో చదవొచ్చు, ఫొటోలో చూడొచ్చు. కానీ ఆ నడవా వంపు కాలికి తగలాలంటే ఓడ ఉండాలి.

ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు.

‘ఎట్లున్నది సార్ లోపట?’

తెల్లవారుజామున దూరంగా మసీదు నుంచి పిలుపు. కిటికీలోంచి చూస్తే నీళ్ల మీద లేత ఎరుపు. ఓడ నీడ పొడవుగా పడి ఉంది. ఒక క్షణం, ఒకే ఒక్క క్షణం, ఎక్కడో కొత్త రేవుకి చేరినట్టు అనిపించింది. దీపాలు ఆర్పుతున్న ఊరు, గట్టు మీద మనుషులు, గాల్లో ఉప్పు వాసన. ప్రయాణం చేయకుండానే చేరడం అంటే ఇదే కాబోలు.

వచ్చేముందు ఇంకోసారి నడవా అంతా నడిచాను. తలుపుల ముందు శుభ్రం చేసే బండ్లు అప్పటికే వచ్చేశాయి. దుప్పట్లు మారుస్తున్నారు, ఇత్తడి పిడులు తుడుస్తున్నారు. పలకరిస్తే ఒకరిది నేపాల్, ఒకరిది ఫిలిప్పీన్స్, ఇంకొకరిది మన కేరళ. ఓడ ఆగిపోయింది కానీ ఓడలో పని ఆగలేదు. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా, నాచు పేరుకోకుండా రోజూ ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉంటేనే ఇంత పెద్ద ఓడ తేలుతూ ఉంటుంది.

చెప్పిన వేళకి ట్యాక్సీ వచ్చింది. కూర్చోగానే అదే ప్రశ్న.

‘ఎట్లున్నది సార్ లోపట?’

చెప్పాను. నడవా వంపు గురించి, తివాచీల మీద అట్టలు పరిచి సైనికుల్ని తీసుకెళ్లడం గురించి, నాయనమ్మ కత్తెర గురించి. పథకం ఆగిపోవడం వల్లే పాత గదులన్నీ అలాగే మిగిలాయని కూడా చెప్పాను. ఆయన బండి తీయకుండా వింటున్నాడు.

‘అంటే మా పనులు బందయినయి గాబట్టి గా ఓడ బచాయించిందన్నట్టు’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

ఏం చెప్పాలో తోచలేదు. ఆయనే అందుకున్నాడు. ‘నాలుగేండ్లు ఇంటికాడ పొలం పని చేసిన. 2013ల మల్ల అచ్చిన. లైసెన్సు తీసుకున్న. అప్పు తీరింది సార్. బిడ్డ హైదరాబాద్‌ల ఇంజినీరింగ్ చదువుతున్నది. గా ఓడ గూడ పదేండ్లు ఖాళీగుండి మల్ల పనిల పడ్డది. మంచిదే గద.’

‘లోపల ప్రదర్శనశాల ఉంది. అయిదు నిమిషాలు చూసొద్దాం రండి’ అన్నాను.

గడియారం చూసుకున్నాడు. ‘ఇప్పుడు వద్దు సార్, డ్యూటీల ఉన్న. ఒకనాడు సెలవు దొరికితే అస్త.’ అని, ఒక నిమిషం ఆలోచించి, బండి దిగాడు. ఫోన్ నా చేతికిచ్చాడు. ‘ఒక ఫొటో తియ్యున్రి. బిడ్డకు పంపుత. పరంజ మీదికెళ్లి చూసిన ఓడ ఇదేనని చెప్పాలె.’

చొక్కా సర్దుకుని నిలబడ్డాడు. ఎంత వెనక్కి జరిగినా ఓడ మొత్తం ఫొటోలో పట్టలేదు. పొగగొట్టం వస్తే ముక్కు రాలేదు, ముక్కు వస్తే పేరు రాలేదు. చివరికి ఓడ పేరున్న చోటికి ఎదురుగా ఆయన్ని నిలబెట్టి తీశాను. చూసుకుని తృప్తిగా తల ఊపాడు.

విమానాశ్రయం దారిలో ఆయన ఫోన్ మోగింది. కూతురే. ‘ఆఁ బిడ్డా, గదే ఓడ. కదలదు. అట్లనే ఉంటది. నువ్వు అచ్చినప్పుడు చూపిస్త’ అంటున్నాడు.

వెళ్లాలనుకుంటే...

హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి నేరుగా విమానాలున్నాయి. ప్రయాణం సుమారు నాలుగు గంటలు. వీసా ముందే తీసుకోవాలి. ఓడ ఉన్నది బర్ దుబాయ్ వైపు పోర్ట్ రషీద్‌లో. డేరా నుంచి ట్యాక్సీలో వెళ్లొచ్చు. గది అద్దెలు కాలాన్ని బట్టి మారతాయి. ఎండలు తగ్గే నవంబరు నుంచి మార్చి దాకా వెళ్లడం మంచిది. దగ్గర్లోనే క్రీక్ ఉంది. అక్కడ ‘అబ్రా’ అనే చెక్క పడవలో ఒక్క దిర్హమ్‌కి అవతలి ఒడ్డుకి వెళ్లొచ్చు. కదలని ఓడలో పడుకున్నాక, కదిలే పడవ కూడా ఎక్కి రండి.